గొట్టంలో దగ్గు

కొత్తపేట దారిలోని డంపింగ్ యార్డులో చీకటి పడగానే కాపలాదారు మోషే గ్యాస్ వాల్వు కట్టేశాడు. చెత్తగుట్టలో పుట్టే గ్యాస్‌ను గొట్టాలతో పట్టి కరెంటు తీసే పథకం ప్రభుత్వం ఈ ఏడే మొదలుపెట్టింది. నిరుడు వేసవిలో అదే గ్యాస్ అంటుకుని గుట్ట కూలింది. అక్కడ చెత్త ఏరుకుంటున్న అతని భార్య విజయకుమారి శవం కూడా దొరకలేదు. "పొగ వస్తోందండీ, ఇవాళ మానేస్తానండీ" అని ఆ పొద్దున ఆమె అంటే, "ఏం కాదు, వెళ్లు" అన్నది తనే. "ఆయ్" అని తలూపి వెళ్లిందామె. ఈ గొట్టాలు ఏడాది ముందొస్తే బతికేది.

కట్టేసిన గొట్టంలో ఎవరో దగ్గారు.

మోషే వంగి చెవి ఆనించాడు. గొట్టం వెచ్చగా ఉంది.

"విజయా, ఇంకా లోపలే ఉన్నావా?" అన్నాడు.

దగ్గు ఆగింది. లోపలి నుంచి మెల్లగా వినిపించింది.

"ఆయ్."