హాజీగారి పెచెల్

"ఉప్పెక్కువైందమ్మాయ్," అంది ముసలావిడ, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే.

లస్మినికి ఒళ్ళు మండింది. ప్రతి గురువారం ఇదే గోల. అన్నం, ఉడికించిన ఆకుకూరలు, పైన వేరుశనగ పచ్చడి, పక్కన నూనెలో వేయించిన చెక్క. ఆమె చేసే పెచెల్‌కి ఆ కొండ ఊళ్ళో వంక పెట్టేది ఈ సోడాబుడ్డి కళ్ళద్దాల అవ్వ ఒక్కతే.

"నచ్చకపోతే మానెయ్ అవ్వా. నిన్నెవరు రమ్మన్నారు?"

"పంపు పక్కన ఇంకో అంగడి లేదుగా!" బోసినోటితో నవ్వింది అవ్వ. "ఏదీ, పచ్చడిలో నానేసుకోడానికి ఇంకో చెక్క పెట్టు."

"ఆకుకి ఒక చెక్కే."

పంపు పెసంత్రెన్ బడిది. ఖురాను చదువుకునే ఆడపిల్లలు అక్కడే బస చేస్తారు. బోరు బడి లోపల ఉంది, కుళాయి మాత్రం గోడ బయట వీధిలోకి పెట్టారు. ఒకప్పుడు ఎండాకాలం వస్తే నీళ్ళ లారీ దగ్గర ఊరు ఊరంతా జుట్లు పట్టుకునేది. ఇప్పుడు ఎవరు డబ్బా తెచ్చుకుంటే వాళ్ళకు నీళ్ళు. చర్చికి వెళ్ళేవాళ్ళూ పట్టుకెళతారు. ముసలివాళ్ళ డబ్బాలను బడిపిల్లలే ఇంటిదాకా మోసిపెడతారు.

నీళ్ళకొచ్చే జనమే లస్మినికి గిరాకీ. మొగుడు పోయి దిక్కుతోచకుండా ఉన్నప్పుడు ఆ చోటు చూపించింది బడి పెద్దాయన భార్య. ఆవిడను అందరూ న్యాయి అంటారు.

పంపు మీద ఒక పలక ఉంది. 'దేవుడి బంటు ఒకరు ఇచ్చినది' అని తప్ప దాని మీద పేరు లేదు. దానం చేసినవాళ్ళు పేరు చెప్పుకోకపోవడం అక్కడి అలవాటు. చెప్పకపోతే మాత్రం ఊరు ఊరుకుంటుందా? జకార్తా నుంచి వచ్చిన హాజీగారట, తెల్ల టోపీ అట, పెద్ద కారట. లస్మిని అయితే కారు రంగు కూడా చెప్పేది.

"ఆ హాజీగారు ఒక్కసారి రావాలే గాని," అందామె ఆ రోజు కూడా, "గుడ్డు వేసి, గుప్పెడు చెక్కలు పోసి, నా చేత్తో పెడతాను. డబ్బు ముట్టుకుంటే ఒట్టు!"

"హాజీ కాకపోతే పెట్టవా?"

"నువ్వెళ్ళొచ్చావా హజ్‌కి?"

"లేదు తల్లీ."

"మరి నీకెందుకు చెక్కలు?"

అవ్వ పగలబడి నవ్వింది. నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఆరాలు మొదలుపెట్టింది.

"ఎండాకాలంలో జనం బాగా వస్తారా? నీళ్ళు మధ్యలో ఆగిపోతాయా? నువ్వు కూర్చున్న ఈ చోటు ఎవరిది?"

అదీ సంగతి! ముసలిది ఇక్కడ అంగడి పెట్టే ఎత్తులో ఉంది. ఈ చోటు పోతే తన పొయ్యి ఆరినట్టే.

"ఇక్కడ రెండో అంగడికి చోటు లేదు. తెలిసిందా?"

"తెలిసింది తల్లీ. నీ చోటు నీదే," అంటూ ఆకు మడిచి లేచింది అవ్వ.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై గురువారం కూడా రాలేదు.

పీడా వదిలిందనుకుంది లస్మిని. కానీ పచ్చడి నూరుతుంటే చెయ్యి దానంతట అదే ఉప్పు తగ్గించింది. రుచి చూసింది. ఇదే బాగుంది. ఈ మాట మాత్రం ఆ అవ్వ చెవిన పడకూడదు అనుకుని తనలో తనే నవ్వుకుంది.

అంతలో న్యాయి వచ్చింది.

"లస్మినీ, రేపు బడిలో ఏడోరోజు ప్రార్థన. వచ్చినవాళ్ళందరికీ నీ పెచెలే. ఉప్పు కాస్త తగ్గించు. పోయినావిడ మంచం పట్టి కూడా మరీ మరీ చెప్పింది."

లస్మిని చేతిలో పొత్రం ఆగిపోయింది.

"సోడాబుడ్డి కళ్ళద్దాల అవ్వా?"

"ఆవిడే. గురువారాల్లో ఆడవాళ్ళ పాఠానికి పక్క ఊరి నుంచి వచ్చేది. పంపు చప్పుడు వింటూ, నీ చేత తిట్లు తింటూ తిన్నదే తిండి అనేది. ఆ పెచెల్ అమ్మాయిని అక్కణ్ణుంచి కదపొద్దని నా చేత మాట కూడా తీసుకుంది."

లస్మినికి ఏడుపొచ్చింది.

"రెండో చెక్క కూడా పెట్టలేదండీ నేను! హజ్‌కి వెళ్ళలేదని ఎగతాళి కూడా చేశాను."

న్యాయి పంపు వైపు చూసింది. ఎవరిదో డబ్బా నిండి నీళ్ళు పొర్లుతున్నాయి.

"బతికుండగా ఎవరికీ చెప్పొద్దంది గాని లస్మినీ, హజ్‌కి వెళ్ళాలని ఆవిడ జీవితమంతా దాచుకున్న సొమ్మే ఈ పంపు."