సీసా చూసి చెప్పిన వైద్యం

డాక్టరమ్మా,

నిన్న ఫోనులో నువ్వు వాగినదంతా తప్పు. మధ్యలో నన్ను నోరెత్తనివ్వలేదు కాబట్టి ఈ కార్డు.

"అమ్మమ్మా, కొత్త మందు పరీక్ష ముగిసింది. అసలు మందు నీ సీసాలో ఉంది, తాతయ్యది ఉత్త పిండిబిళ్ళ. ఆయనకు వణుకు తగ్గడం వట్టి నమ్మకం. నీకు మందు పనిచేయలేదు, ఆపేస్తున్నాం" అన్నావు. అంత చదువూ చదివి, మనుషుల్ని వదిలేసి సీసాలు చూశావు.

మా ఇద్దరిదీ ఒకటే వణుకు రోగం. మొదటి నెలలోనే నా చేతిలో కాఫీ ఒలకడం ఆగింది, ఆయన చేతిలో ఆగలేదు. ఏ సీసాలో ఏముందో మీ ఆస్పత్రి దాచితే మాత్రం నాకు తెలియదా? బిళ్ళలు అటువి ఇటు మార్చేశాను. పాఠాలు చెప్పి బతికినదాన్ని, నాకు నోరుంటే చాలు. గడియారాలు బాగుచేసే మనిషికి వేళ్ళు కావాలి.

కాబట్టి మందు భేషుగ్గా పనిచేస్తోంది. ఆపావంటే మీ ఆస్పత్రి గుమ్మంలోనే కూర్చుంటాను. మీ పెద్ద డాక్టరుకు కోపమొస్తే నాతో మాట్లాడమను. నా నోరేమీ వణకడం లేదు.

ఇంత కుదురైన అక్షరాలు నావనుకున్నావా? నేను చెబుతుంటే మీ తాతయ్య రాస్తున్నారు. బిళ్ళల సంగతి ఆయనకూ ఇప్పుడే తెలిసింది. కలం పక్కన పెట్టి, నన్ను తిట్టి, మళ్ళీ అందుకున్నారు. ఇకనుంచి నా బిళ్ళ తనే నా నోట్లో వేస్తారట, నా మీద నమ్మకం పోయిందట.

ఆదివారం వచ్చేటప్పుడు అసలు మందు రెండు సీసాలు పట్టుకురా. మూతలు తేలిగ్గా తిరిగేవి చూడు.