చెరిపిన ముగ్గులు

మా కాలనీలో కాల్పులు జరిగిన పావుగంటకే యంత్రం వచ్చి, నెత్తురు కడిగి, ప్రతి గుమ్మం ముందూ ముగ్గు వేసి పోతుంది. మరక కనిపించదు కనుక ఎవరూ అడగరు. ఎవరూ అడగరు కనుక కాల్పులు ఆగవు.

ఈ ఉదయం ఎదురింటి దర్జీ సుగుణావతి తూటా తగిలి మరణించింది. చావింటి ముందు ముగ్గు కూడదని యంత్రానికి ఎవరూ నేర్పలేదు, అక్కడా వేసింది. నేను చీపురుతో దాన్ని చెరిపి, పక్కింటిదీ చెరపసాగాను.

కాలనీ కార్యదర్శి వరదరాజులు పరుగున వచ్చాడు. "మామ్మగారూ, చావు ఆ ఇంట్లో కదా! మా ముగ్గులేం చేశాయి?"

"మైల వీధంతటికీ పట్టింది, నాయనా. యంత్రం మళ్లీ వేస్తే మళ్లీ చెరుపుతాను."

అప్పటికే అతని భార్య కనకవల్లి తమ గుమ్మం ముందు చీపురు పట్టింది.

"మనింట్లో ఎవరు పోయారే?" అని అరిచాడతను.

"సుగుణావతి," అంది ఆమె.