రెండేసి కాపీలు

"నల్లది నీకు, బూడిదరంగుది నాకు," అంటూ సాకేత్ రెండు హార్డ్‌డిస్కులు చాప మీద పెట్టాడు.

"రెండిట్లో ఏం తేడా?" అంది అక్షర.

"ఏం లేదు. అవే ఆటలు. ఒక్కటి కూడా వదల్లేదు. మల్కాజ్‌గిరిలో ఒకతను వాడిన గేమ్ కన్సోల్ ఇచ్చేస్తుంటే అదీ తెచ్చేశా. ఇంక నువ్వు నన్ను అడగక్కర్లేదు, నేను నిన్ను అడగక్కర్లేదు."

అక్షర విననట్టు అట్టపెట్టెకు టేపు అతికిస్తూ కూర్చుంది.

తార్నాకలోని ఆ ఫ్లాటు దాదాపు ఖాళీ అయిపోయింది. సగం సామాను పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లోని క్వార్టర్‌కు చేరింది. మిగతా సగం విశాఖకు వెళ్లే లారీలో ఉంది. హాల్లో మిగిలింది చాప, గోడకున్న టీవీ, దాని కింద పాత కన్సోల్.

ఆ కన్సోల్‌లో డిస్కులు చదివే భాగం ఎప్పుడో పాడైంది. వీధి చివరి షాపు పరశురాం దాన్ని విప్పి, లోపల ఏవో మార్పులు చేసి, వాళ్ల డిస్కులన్నిటికీ కాపీలు తీసి హార్డ్‌డిస్కులో వేసిచ్చాడు. అప్పటినుంచి అసలు డిస్కులు గీత పడకుండా పెట్టెలో ఉంటాయి. ఆడేది కాపీలే.

"పడవాట పెట్టు, చూద్దాం," అంది అక్షర.

సాకేత్ కొత్తగా తెచ్చి, పరశురాం చేతే మార్పులు చేయించిన కన్సోల్‌ను టీవీకి తగిలించాడు. ఆట మొదలైంది. ఖాళీ ఒడ్డు, దానికి కట్టేసిన చిన్న పడవ.

"ఏందిరా ఇది? మన రేవులేవి? మనం కట్టిన వంతెనేది?"

"ఆట కాపీ అయింది. మనం ఆడింది కాలేదు. అది పాతదాని లోపలే ఉండిపోయింది. ఈ ఆట దాన్ని బయటికి తీయనివ్వదంట. పరశురాం అన్న కూడా చేతులెత్తేశాడు."

"అయితే పాతది నువ్వే తీసుకో."

"తీసుకుని? రెండో తెడ్డు ఎవరేస్తారు, పక్కింటోళ్లా?"

ఆ ఆటలో పడవ ఒకటే, తెడ్లు రెండు. చెరొకటి పట్టుకోవాలి. ఏరు చీలిన చోట అక్షర ఎప్పుడూ సాకేత్ ఎటు పోవాలనుకుంటున్నాడో ఊహించి అటు తెడ్డు వేసేది. అతను ఆమె మనసులో ఏముందో ఊహించి ఇంకోవైపు వేసేవాడు. పడవ ఉన్నచోటే గిర్రున తిరిగేది. "నోరుంది కదే, ఒక్క మాట చెప్పొచ్చుగా," అని అతను నెత్తి కొట్టుకునేవాడు. "నీకు లేదా నోరు?" అనేది ఆమె.

తలుపు దగ్గర అలికిడైంది. కింది ఫ్లాటు కమలాదేవిగారు పులిహోర పొట్లాలతో వచ్చారు.

"తినకుండా బయల్దేరకండమ్మా. టీవీ నేను సాయంత్రం దింపించుకుంటాలే." పొట్లాలు ఇచ్చి, కొంగుతో కళ్లొత్తుకున్నారు. "మీరిద్దరూ ఇట్లా విడిపోతారని కల్లో కూడా అనుకోలేదు. ఎంత ముచ్చటగా ఉండేవాళ్లు బాబూ."

ఆవిడ ఇంకేదో చెప్పబోయి, ఊరుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు.

రెండు పొట్లాలున్నా ఒకటే విప్పుకున్నారు.

"జడ్జిగారు లోపల నిన్నేం అడిగారు?" అంది అక్షర. ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న.

"నిన్నడిగిందే అడిగి ఉంటారు. విడివిడిగా పిలిచారు కదా."

"నువ్వు విశాఖ అని ఎందుకన్నావు? పొద్దున్నే క్యాంపస్ గ్రౌండ్‌లో పరిగెత్తకపోతే నీకు ముద్ద దిగదు."

"నువ్వే కదా, సముద్రం సముద్రం అని చెవులు తినేశావు. నువ్వు విశాఖే అంటావనుకున్నా. నీకు తోడుంటానని అదే చెప్పా." సాకేత్ తల ఎత్తాడు. "మరి నువ్వెందుకు క్యాంపస్ అన్నావు?"

అక్షర పల్లీలను వేలితో ఒక పక్కకు నెడుతూ కూర్చుంది. "నువ్వు ఆ గ్రౌండ్ వదల్లేవని."

సాకేత్ తినడం ఆపేశాడు.

"ముందే అడగాల్సింది," అన్నాడు.

"అడిగితే నా కోసం మనసు మార్చుకుంటావని అడగలేదు."

"నేనూ అందుకే."

"మళ్లీ వెళ్లి చెబుదామా?"

"ఏమని? సంతకాలైపోయాయి. ఇప్పుడు కదిపితే మళ్లీ ఆ అరుపులు, ఆ తలుపులు బాదుకోవడం. వద్దు అక్షరా. నావల్ల కాదు."

ఆమెకూ ఆ అరుపులు గుర్తొచ్చాయి.

సాకేత్ చేతులు కడుక్కొచ్చి, వైరు తీసి పాత కన్సోల్‌కు తగిలించాడు. వాళ్ల రేవులు, వాళ్ల వంకర వంతెన తెర మీదకు వచ్చాయి. వంతెన దాటాక ఏరు రెండుగా చీలింది.

"ఎటు?" అని అడిగింది అక్షర.

"ఎడమకి. నీకు?"

"నాకూ ఎడమే."

పడవ మొదటిసారి తిరక్కుండా, నీళ్లను చీల్చుకుంటూ తిన్నగా సాగింది. ఇంత సులువని ఇద్దరికీ ఇప్పుడే తెలిసింది. తెలిసి ఏం లాభమనుకుంది అక్షర.

ఫోన్లు మోగాయి, ముందు అతనిది, వెంటనే ఆమెది. ఇద్దరూ "ఆ, వస్తున్నా" అని పెట్టేశారు.

సాకేత్ పాత కన్సోల్‌ను తువ్వాలులో చుట్టి ఆమె పెట్టెలో పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉండనీ. నేనొచ్చినప్పుడు ఆడదాం."

"వస్తావా?"

"రానిస్తే."

అక్షర తలుపు దగ్గరికి వేసింది. సాకేత్ ఆమె పెట్టె కూడా తనే మోస్తూ మెట్లు దిగాడు. గేటు బయట రెండు ఆటోలు దూరదూరంగా ఆగి ఉన్నాయి.

ఒకదాంట్లో అమ్మ, రెండోదాంట్లో నాన్న, తమ కవలల కోసం ఎదురుచూస్తున్నారు.