బతికున్న మందు

ఖాళీ పొట్లాలు ఎనిమిదీ తెచ్చి మందుల షాపు బల్ల మీద విసిరికొట్టాడు సుభానీ.

"ఇవి మందులా హయాత్ భాయ్? నాలుగు రోజులైంది. పిల్లోడికి విరేచనాలు తగ్గలా."

షాపు మెట్టు మీద అతని భార్య రహమతున్నీసా కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో రెండేళ్ల వాసిం మెడ వాల్చేశాడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు వాడికి.

"డాక్టరు గారు రాసిందే ఇచ్చాను భాయ్," అన్నాడు బల్ల వెనక నుంచి షాపు యజమాని హయాత్.

"ఏం ఇచ్చావో అట్ట మీదే ఉంది. మా పెద్దపిల్ల చదివింది. బతికున్న బాక్టీరియా అంట, కోట్లల్లో ఉంటయ్యంట. పసిబిడ్డకి అమ్మేది ఇదా?"

తలనొప్పి బిళ్లకి వచ్చిన జక్రయ్య అందుకున్నాడు. "పోయినేడు పత్తికి మందు కొట్టాను. ఒక్క పచ్చపురుగు చావలా, ఇంకా బలిసింది. ఈ నకిలీ మందులోళ్లు మన చేలు తినేశారు, ఇప్పుడు మన బిడ్డల కడుపుల మీద పడ్డారు."

రోడ్డున పోయేవాళ్లు ఆగారు. పిడుగురాళ్ల బజారులో రైతు గోడు వినడానికి జనం ఎప్పుడూ ఉంటారు, తీర్చేవాడే ఉండడు.

"నా మాట విను," హయాత్ గొంతు తగ్గించాడు. "జ్వరానికి వాడిన యాంటీబయాటిక్ పేగుల్లో చెడ్డవాటితోపాటు మంచివాటినీ చంపేసింది. ఈ పొడిలో ఉండేవి మంచివి. పాలల్లో తోడేసినట్టే అనుకో. అవి లోపల నిలదొక్కుకుంటే కడుపు కుదుటపడుద్ది."

"కబుర్లు చెప్పబాక. నకిలీ సరుకని ఒప్పుకో."

"ఇదిగో, తేదీ దాటలా. ఫ్రిజ్‌లోంచి తీసిచ్చాను. మందులో లోపం లేదు."

"అయితే నేను పొయ్యలేదంటావా? బిడ్డ మీద ఒట్టు. ఎనిమిది పొట్లాలూ నా చేత్తో పోశా."

"పోశావు సరే. ఎట్లా పోశావు?"

సుభానీ జనం వైపు తిరిగాడు. తనను వెర్రివాణ్ణి చేస్తున్నారన్న మంట అతని మొహంలో భగ్గుమంది.

"చదువు రానోడికి బుద్ధి కూడా ఉండదనుకున్నావా? డాక్టరు రాశాడు గనక పోశా. అందులో ఒక్కటంటే ఒక్కటి బతక్కుండా, మూడు పొంగులు మరిగించి మరీ పోశా."