టైగర్ బిస్కెట్లు

"కుక్క చూస్తే ఎండిపోతాంది. డబ్బా చూస్తే దినమూ ఖాళీ. యాడికి పోతాండాయే బిస్కెట్లు?"

కృష్ణవేణమ్మ రేకుడబ్బాను రాహేలమ్మ ముందు బోర్లించి కొట్టింది. ఒక్క పలుకు కూడా రాలలేదు.

"కాల్చి డబ్బాలో పెట్టేంతవరకే తల్లీ నా పని. ఆ మీద ఎవురు తింటాండారో నాకేం తెల్సు?" అంది రాహేలమ్మ.

"అంటే నేను తింటాండానా?"

రాహేలమ్మ బోర్లించిన డబ్బాను ఎత్తి నిలబెట్టింది.

కల్లూరులో ఆ ఇంటి యజమాని, కృష్ణవేణమ్మ మొగుడు సుబ్బయ్యకు తన కుక్క టైగర్ అంటే ప్రాణం. దాని ఒంటి మీద వెంట్రుకలు ఊడి పుండ్లు పడితే, పశువుల డాక్టరు మాంసం, ఉప్పు, కారం మూడూ మాన్పించి, కూరగాయలతో బిస్కెట్లు కాల్చి పెట్టమన్నాడు. కూరగాయలతో బిస్కెట్లేమిటని ఇంటిల్లిపాదీ నోరు వెళ్లబెట్టారు. ఒకప్పుడు దొరల బంగళాలో రొట్టెలు కాల్చిన రాహేలమ్మను అందుకే పిలిపించారు. ఆమె గుమ్మడికాయ, క్యారెట్టు తురిమి, జొన్నపిండిలో పిసికి, బిళ్లలుగా తట్టి, డేగిసాలో పెట్టి కిందా పైనా నిప్పులు పోసి కరకరలాడేట్టు కాల్చేది. వెనక వసారాలో డబ్బాకెత్తి పెట్టి పోయేది. సాయంత్రం కుక్కకు పెడదామని మూత తీస్తే ఏముంది? గాలి!

"ఆయన మామిడికాయల బేరానికని బనగానపల్లెకు పోయినాడు. రేపొచ్చి కుక్క డొక్కలు చూస్తే నన్ను బతకనిస్తాడా? నిజం చెప్పు రాహేలూ. నువ్వు ఇంటికి ఎత్తుకపోతాండావు కదా?"

"యేసుప్రభువు తోడమ్మా, ఒక్కటి కూడా ముట్టలేదు."

 రాహేలమ్మ భయం కూలి పోతుందని కాదు. కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందని కర్నూలు నిండా ఆఫీసర్లు దిగారు. వాళ్ల బంగళాల్లో వంటమనిషిగా కుదురుదామని ఆమె ఆశ. ఈ ఇంట్లో దొంగ అనిపించుకుంటే ఆ ఊళ్లో ఒక్క వంటింటి గడప కూడా ఆమెను ఎక్కనివ్వదు. పేరు పోయాక చేతిలో ఎంత పనితనం ఉంటే ఏం లాభం?

కృష్ణవేణమ్మకు ఉన్నట్టుండి ఆలోచన తట్టింది.

"ఈ పొద్దు పిండిలో ఎండుమిరప కారం కలుపు. కుక్కను నేను దొడ్డి బయట కట్టేయిస్తా. నీళ్లుండేది ముందర తొట్టిలోనే కదా. నోరు మండినోడు ఆడికి పరుగెత్తక యాడికి పోతాడు? నేను ఆడే కూర్చుంటా."

"అట్లే తల్లీ!" రాహేలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆమె పిడికెడు కారం వేస్తే, చాలదని కృష్ణవేణమ్మ ఇంకో దోసెడు గుమ్మరించింది. పిసుకుతుంటేనే ఇద్దరికీ తుమ్ములు.

ఇంతలో సుబ్బయ్య తల్లి నాగలక్ష్మమ్మ తడిబట్టతో వసారాలోకి వచ్చింది. మంత్రాలయం స్వామికి మొక్కుకుని ఒంటిపూట తినే మనిషి. చెవుడు. రాహేలమ్మ నడిచిన చోట నీళ్లు చల్లుకోకుండా అడుగు వేయదు.

"ఆ యమ్మిని అవతలికి జరగమను. నాకు మైల తగల్తాది," అని చెంబుడు నీళ్లు చల్లుకుంటూ తన గదిలోకి పోయింది.

బిస్కెట్లు డబ్బాకెక్కాయి. కృష్ణవేణమ్మ ముందర తొట్టి దగ్గర పీట వేసుకుంది. బండి తోలే తిమ్మయ్య ఆ పక్కనే కునుకు తీస్తున్నాడు. "నువ్వు కంటికి కనపడొద్దు, దొంగ జంకుతాడు," అని రాహేలమ్మను గడ్డివామి అవతలికి పంపింది.

ఎండలో గడ్డివామికి ఆనుకుని రాహేలమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. దేవా, ఒక్క కేక వినిపించు తండ్రీ అని వేడుకుంది. తిమ్మయ్యదైనా సరే, ఇంకెవరిదైనా సరే. పొద్దు వాలింది. కేకా లేదు, కూతా లేదు.

చివరికి వినిపించింది కృష్ణవేణమ్మ గొంతే.

"డబ్బా ఖాళీ!"

రాహేలమ్మ పరుగెత్తుకొచ్చింది. "చూస్తిరా తల్లీ, నేను కాదు కదా?"

"తొట్టి దగ్గరికి పురుగు కూడా రాలేదు. ఆ కారం తిని నీళ్లు తాగకుండా ఓర్చుకునే మనిషి యాడన్నా ఉండాడా?"

"లేడమ్మా."

"మరి తిన్నోళ్లు లేరు. దాచినోళ్లు ఉండారు. కారం ఉండాదని తెల్సింది మనిద్దరికే. అందుకే తినకుండా మూట కట్టినావు!"

 తనను బయట పడేస్తుందని నమ్ముకున్న కారమే రాహేలమ్మ మెడకు చుట్టుకుంది. గడ్డివామంతా వెతుక్కోమంది. కొంగు విప్పి దులిపి చూపింది. కాళ్లు పట్టుకోబోతే కృష్ణవేణమ్మ వెనక్కి జరిగింది.

"యింగ ఈ గడప తొక్కొద్దు. నిన్నెవురూ పనికి పెట్టుకోకుండా నాలుగిళ్లల్లో నేనే చెప్తా. పో!"

రాహేలమ్మకు ఏడుపు కూడా రాలేదు. దొడ్డివాకిలి దాటి, ఇంటి గోడ పక్కన సందులో గుడ్డిగా నడుస్తోంది. కిటికీలోంచి గాజుల్లేని చెయ్యి ఒకటి బయటికొచ్చి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

నాగలక్ష్మమ్మ! కళ్ల వెంట ధారగా నీళ్లు, ముక్కు ఎర్రగా కందింది. మొహం మాత్రం సంతోషంతో వెలిగిపోతోంది.

"ఇన్నాళ్లూ ఆ చప్పటివి ఎట్ల మింగినానో నాకే తెల్సు. ఈ పొద్దే నోటికి తగిలినాయే రాహేలూ! రేపు గూడా కారం ఇంతే ఏయి. నా కోడలికి మాత్రం చెప్పొద్దు."