ఎడమ సీటు

తెర మీద పసుపుపచ్చ లాన్సర్ ఫిల్మ్‌నగర్ ఎత్తు మలుపులో టైర్లు కీచుమంటుండగా అడ్డంగా జారింది.

ప్రివ్యూ థియేటర్లో ఎవరో ఈల వేశారు.

శౌరి తల దించుకున్నాడు.

"అదిగో, నా జడ!" పక్క సీట్లోంచి పూజిత అతని మోచెయ్యి పట్టుకుని ఊపింది. "చూశారా శౌరిగారూ? కిటికీలో ఎగిరింది. అది నా జడే!"

"చూశాను."

ఆమె చేతికర్ర జారి కింద పడింది. వంగి తీసిచ్చాడు.

ఆ కారు అతని చేతుల్లో పుట్టిందంటారు అందరూ. పాత జపాను కారు. మధురానగర్ షెడ్డులో పెట్టుకుని ఏళ్ల తరబడి విప్పాడు, బిగించాడు. ఇంజను మార్చాడు. టర్బో పెట్టాడు. బోల్తా పడినా నలగకుండా లోపల ఇనపగొట్టాల పంజరం కట్టాడు.

బరువు తగ్గాలని ఏసీ తీసేశాడు. వెనక సీట్లు పీకేశాడు. ఎడమ సీటు, దాని బెల్టు కూడా.

భార్య కరుణాకుమారి ఒక్కసారీ ఆ కారెక్కలేదు. ఎక్కితే కూర్చునే చోటేదీ?

చెన్నై రేసుల్లో దాన్ని చూసిన సినిమావాళ్లు ఆ కారే కావాలన్నారు. తోలేది కూడా అతనే. పక్కన హీరోయిన్‌కి డూపుగా పూజిత. కృష్ణానగర్ అమ్మాయి, గ్రూపు డాన్సరు.

షాట్ కోసం ఎడమ సీటు మళ్లీ బిగించాడు. బెల్టు షెడ్డులోనే ఉండిపోయింది.

"బెల్టేదండీ?" అంది పూజిత ఎక్కగానే.

"ఒక్క మలుపే కదమ్మా. ఆ గొట్టం గట్టిగా పట్టుకో."

ఎండ దిగిపోతోంది. కెమెరావాళ్లు తొందరపెడుతున్నారు. ఫైట్ మాస్టర్ క్రాంతికుమార్ కిటికీ దగ్గర వంగాడు.

"బెల్టు గిట్ల అంతా మంచిగున్నది కదా అన్నా?"

"ఉంది," అన్నాడు శౌరి.

పూజిత అతని వైపు చూసింది. గొట్టం పట్టుకుంది.

టేకు బాగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంకొక్కటి చేద్దాం," అన్నాడు శౌరి. "ఇంకా అందంగా జారుతుంది నా బండి."

ఎవరూ అడగలేదు. అతనే అన్నాడు.

ఈసారి కారు జారి, జారి, రోడ్డు పక్క బండకి కొట్టుకుంది. ఎడమవైపు.

శౌరికి గీత కూడా పడలేదు. అతనికి రేసు బెల్టుంది.

ఆస్పత్రిలో కళ్లు తెరిచాక పూజితకి మేకప్ వేసుకోవడం గుర్తుంది. కారెక్కడం గుర్తు లేదు.

"బెల్టు పెట్టుకోలేదా అమ్మాయి?" వరండాలో ఎవరో అడిగారు.

"పెట్టుకోమన్నానండీ," అన్నాడు శౌరి.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్లి, నుజ్జయిన కారుకి బెల్టు బిగించాడు.

అప్పట్నుంచీ పూజితని ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదీ అతనే, తీసుకొచ్చేదీ అతనే. దేవుడిలాంటి మనిషి అంటుంది వాళ్లమ్మ అమ్మాజీ. ఆదివారం చర్చిలో పూజకి వెళ్తాడు. ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనానికి అందరూ వరస కడితే మాత్రం బయటికి వచ్చేస్తాడు.

థియేటర్లో దీపాలు వెలిగాయి.

"తెర మీద మస్తు కనబడ్డవ్ పూజితా," అన్నాడు క్రాంతికుమార్ దగ్గరికొచ్చి.

"బెల్టు పెట్టుకునుంటే మీ కొత్త సినిమాలో కూడా కనబడేదాన్ని మాస్టారూ," ఆమె నవ్వింది. "శౌరిగారు చెప్పారు. నేనే వినలేదు."

క్రాంతికుమార్ ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు.

దారంతా పూజిత తన జడ గురించే మాట్లాడింది. శౌరి ఊ కొట్టాడు. కృష్ణానగర్ సందు మొదట్లో కారు ఆపేశాడు.

"ఇంకా లోపలికి వెళ్లాలండీ."

"ఆ సీటుకి బెల్టు లేదమ్మా."

"ఏ సీటుకి?"

"ఆ రోజు నువ్వు కూర్చున్నదానికి. నువ్వడిగావు. నేనే గొట్టం పట్టుకోమన్నాను. బెల్టు తర్వాత బిగించాను."

వెనక ఆటో హారను మోగిస్తోంది. ఎవరో తిట్టారు. శౌరి కారు కదపలేదు.

పూజిత చేతికర్ర పిడి మీద బొటనవేలు రుద్దుతూ కూర్చుంది.

"నేనడిగానా?"

"అడిగావు."

"అడిగాను," అంది మళ్లీ, తనలో తను.

ఆటో పక్కనుంచి ఇరికించుకుని పోయింది.

"మా అమ్మ రోజూ తిడుతుందండీ. చెప్పిన మాట వినుంటే ఈపాటికి డాన్సు చేసుకుంటూ ఉండేదానివి కదే అని. మీరొచ్చినప్పుడు కాఫీ ఇస్తుందా, మీరటు వెళ్లగానే మొదలెడుతుంది."

శౌరి తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు.

"ఏడ్చి ఊరుకుంటాను. తప్పు నాదే కదా అని."

తలుపు తెరిచి, ముందు కర్ర దింపింది. తర్వాత కాలు.

"అమ్మ ఇంట్లోనే ఉంది. వచ్చి మీరే చెప్పండి."

వాళ్ల గది మేడ మీద. మెట్లు ఇరుకు. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ కలుపుకుంటూ పూజిత ముందు ఎక్కింది. పట్టుకోబోతే వద్దంది.

ఆమె ఎంత మెల్లగా ఎక్కితే అంత మెల్లగా, వెనకే శౌరి.